జుట్టు రాలుతుంటే మూడు నెలలు వెనక్కి చూడు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు దువ్వెన నిండా జుట్టు వస్తోందనీ, తమ్ముడికేమో నుదురు పైకి జరుగుతోందనీ, ఇద్దరూ ఏ నూనె వాడాలో చెప్పమనీ రాశావు. నూనె సంగతి పక్కన పెట్టు. అసలు మీ ఇద్దరి సమస్యా ఒకటి కాదు. చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా ఇన్నేళ్లు చూశాను, రాలిన వెంట్రుకలు లెక్కపెట్టేవాళ్లే గానీ ఎక్కడ, ఎలా రాలుతోందో చూసుకునేవాళ్లు తక్కువ. రోజుకు 50 నుంచి 100 దాకా ఎవరికైనా రాలతాయి. దానికి టెన్షన్ పడకు.

నీకు తలంతా ఒక్కసారిగా పలచబడుతోంది. అలాంటప్పుడు రెండు మూడు నెలల కిందట ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. పెద్ద జ్వరం, ఆపరేషన్, కాన్పు, తిండి మానేసి బరువు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటిదేదో ఉంటుంది. ఒంటికి దెబ్బ తగిలితే, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఎదుగుదల ఆపేస్తాయి. కానీ వెంటనే ఊడవు, రెండు మూడు నెలలు ఆగి ఊడతాయి. ఈలోగా అసలు కారణం మరిచిపోయి నిన్న మార్చిన షాంపూని తిడతాం. నీకు అప్పట్లో వారం రోజులు జ్వరం వచ్చింది కదా, నా అనుమానం దాని మీదే. అదే అయితే మామూలుగా 6 నెలల్లో సర్దుకుంటుంది.

అయినా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు, నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవాళ్లకు మరీను. జుట్టు కోసమని అమ్మే బయోటిన్ విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పు, అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేయగలవు. నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో కూడా చూపించుకోవాలి.

తమ్ముడిది వంశపారంపర్యం. డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావానికి కణతల దగ్గర, నడినెత్తిన కుదుళ్లు ఏటికేడు సన్నబడతాయి. అమ్మ వైపు నుంచే వస్తుందంటారు గానీ, నాన్న వైపు నుంచీ వస్తుంది. ఆడవాళ్లలో ఇదే పాపిడి వెడల్పు కావడంతో మొదలవుతుంది. మాడుకు రాసుకునే మినాక్సిడిల్ మందు వాడితే మొదటి వారాల్లో ఇంకా రాలొచ్చు, భయపడి ఆపొద్దని చెప్పు. ఫలితం తెలియడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది, మానేస్తే నిలిచిన జుట్టూ పోతుంది. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ మందు మాత్రం డాక్టర్ రాస్తేనే.

ఇక జడ అంత బిగించి వేసుకోకు, నుదుటి అంచున కుదుళ్లు లాగుకుపోతాయి.

నాణెమంత మేర జుట్టు ఊడి నున్నగా కనిపించినా, మాడు మీద మంట, నొప్పి, పొలుసులు ఉన్నా నా ఉత్తరాల కోసం ఆగకండి. చర్మం మచ్చ కట్టిందంటే అక్కడ కుదురు చచ్చినట్టే, మళ్లీ మొలవదు. ఆ వారమే చర్మవైద్యుడికి చూపించండి. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు, పాత ఫొటో ఒకటి పట్టుకెళ్లండి.

మీ పెద్దమ్మ