చదివిస్తానంటున్న కాంట్రాక్టర్‌కు నాలుగేళ్లు రాసివ్వాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. అనకాపల్లిలో ఉంటున్నాం. ఇంటర్ చదివాను. బట్టల దుకాణంలో పనిచేస్తే నెలకు 9,500 వస్తుంది. మా ఆయన ఆటో నడుపుతారు, డీజిల్, మరమ్మతులు పోను సగటున 16,000 తెస్తారు. బాబు రెండో తరగతి. ఇంటి ఖర్చు 21,000. ఇది కాక 75,000 చీటీకి నెలకు 3,000 కడుతున్నాను, ఇంకా పది నెలలు ఉంది. బ్యాంకులో 40,000, నాలుగు కాసుల బంగారం ఉన్నాయి. నాకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేయాలని కోరిక. మా అన్నయ్య ఒక వైరింగ్ కాంట్రాక్టర్ దగ్గర 18,000కు పనిచేస్తున్నాడు. ఆ కాంట్రాక్టర్ నా ఫీజు కట్టి, రెండేళ్లూ నెలకు 3,000 ఇస్తానంటున్నారు. తరువాత నాలుగేళ్లు 12,000 జీతానికి ఆయన దగ్గరే చేయాలి. మధ్యలో మానేస్తే 3 లక్షలు కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇమ్మంటున్నారు. ఇంకో ప్రైవేటు సంస్థ ఆరు నెలల కోర్సుకు 75,000 అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. చీటీ పాడేసి అందులో చేరమంటారా? మా ఆయన మాత్రం ‘ఫీజు కడతానంటే కాదనడం దేనికి, అసలు ఆడవాళ్లను వైరింగ్ పనికి ఎవరు పిలుస్తారు’ అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు ప్రైవేటు సంస్థ సంగతి తేల్చేద్దాం. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కు జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ రావాలంటే ఐటీఐలో రెండేళ్లు చదవాల్సిందే. ఆరు నెలల్లో ఇచ్చే కాగితం దానికి సమానం కాదు. ఐటీఐ సర్టిఫికెట్ అడిగే ప్రభుత్వ సంస్థల అప్రెంటిస్ (స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే) పోస్టులకు అది పనికిరాదు. గ్యారంటీ ఉద్యోగం ఏ కంపెనీలో, ఎంత జీతానికి, ఇవ్వకపోతే ఫీజు తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడిగి చూడండి, మాట మారుతుంది. చీటీ ఇప్పుడు పాడి నష్టపోవద్దు.

ఇక కాంట్రాక్టర్ విషయం. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు కొద్ది వేలలోనే అయిపోతుంది. కాబట్టి ‘ఫీజు కడతాను’ అన్న మాటకు పెద్ద విలువ లేదు. రెండేళ్లకు ఆయన పెట్టేది 72,000, ఫీజుతో కలిపి సుమారు 80,000. మీరు ఇచ్చేది ఎంత? మీ అన్నయ్య జీతం 18,000. కొత్తవారు కాబట్టి మీకు 17,000 అనుకుందాం. 12,000కు చేస్తే నెలకు 5,000 వదులుకుంటారు. 48 నెలలకు 2,40,000. ఎనభై వేలు తీసుకుని మూడింతలు కట్టే అప్పు ఇది. వడ్డీ అని రాయలేదు కాబట్టి సాయంలా కనిపిస్తోంది, అంతే. ఆయన్ను దుర్మార్గుడని నేను అనను. మనిషిని తయారుచేసుకున్న వ్యాపారికి ఆ మనిషి నిలబడాలని ఉండటం సహజం. లెక్క మాత్రం ఒకవైపే మొగ్గింది.

మీ చదువుకు అసలైన ఖర్చు ఫీజు కాదు, మీ 9,500 ఆగిపోయే 24 నెలలు. ఆ నెలలు ఎలా గడుస్తాయన్నదే తేల్చుకోవాలి. ఐటీఐ ప్రవేశాలు ఏటా వేసవి చివర మొదలవుతాయి. మీ చీటీ కూడా దాదాపు అప్పటికే పూర్తవుతుంది. ఈ పది నెలలు దుకాణం మానకండి. చివరిదాకా ఉన్నవారికి కమిషన్ పోను సుమారు 71,000 చేతికి వస్తుంది. (చీటీ రిజిస్టరైన సంస్థదేనా? కాకపోతే రసీదులన్నీ జాగ్రత్త.) నెలనెలా మిగిలే 1,500తో బ్యాంకు నిల్వ 55,000 అవుతుంది. మొత్తం 1,26,000.

చదువుకునే రోజుల్లో చీటీ ఉండదు. మీ ఆయన తెచ్చే 16,000లో 21,000 ఖర్చు గడవాలంటే నెలకు 5,000 లోటు, రెండేళ్లకు 1,20,000. బాబుకు జ్వరమొచ్చినా, ఆటో షెడ్డుకు చేరినా ఆదుకోవడానికి రెండు నెలల ఖర్చు, అంటే 42,000 విడిగా ఉండాలి. ఫీజు, పనిముట్లు, బూట్లకు 12,000. అన్నీ కలిపితే 1,74,000. మీకు తగ్గేది 48,000. నాలుగేళ్ల జీవితాన్ని రాసిచ్చేంత పెద్ద మొత్తమా ఇది?

ఆ 48,000 కూడా మొదటి రోజే అక్కర్లేదు. రెండో ఏడాదిలో అవసరమైనప్పుడు, డ్వాక్రా సంఘంలో ఉంటే సంఘం నుంచి, లేదంటే బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. నాలుగు కాసులకు 50,000 ఇవ్వడం ఏ బ్యాంకుకూ కష్టం కాదు. బంగారం అమ్మవద్దు. 12 శాతం వడ్డీ అనుకున్నా చదివేటప్పుడు నెలకు 500 వడ్డీ కడుతూ, కోర్సు అయ్యాక రెండేళ్లలో నెలకు 2,350 చొప్పున తీర్చేయవచ్చు. 2,40,000 ఎక్కడ, ఇదెక్కడ!

అయితే ఉద్యోగం మానేముందు ఒక పని చేయండి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో హౌస్ వైరింగ్ నెల రోజుల కోర్సు ఉచితం, భోజనం, వసతి కూడా వారిదే. మీ ప్రాంతం వారికి అవకాశం ఉందో లేదో మీ బ్యాంకులో అడగండి. దుకాణంలో నెల సెలవు దొరకడం కష్టమే, నాకు తెలుసు. అది కుదరకపోతే ఆదివారాలు మీ అన్నయ్యతో పనికి వెళ్లండి. గోడకు గాడి కొట్టి పైపు దించడం, నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి గంటసేపు ఫ్యాన్ బిగించడం ఒంటికి పడతాయో లేదో తెలుస్తుంది. ఐటీఐల్లో మహిళలకు 30 శాతం సీట్లు ఉన్నాయి, పదో తరగతి గణితం, సైన్సుతో పాసైతే చాలు. రెండేళ్లు ఆదాయం లేకుండా ఉండటం మరీ బరువనిపిస్తే వెల్డర్ కోర్సు ఏడాదే. అచ్యుతాపురం పరిశ్రమలు దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ దారిని తీసిపారేయవద్దు.

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరండి. 2019లో సవరించిన నియమాల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి కనీస స్టైపెండ్ నెలకు 7,000. మీరు చేరేనాటికి పెరిగి ఉండవచ్చు, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకోండి. ఆ డబ్బుతో ఇంటి లోటు 5,000 తీరి, అప్పు వాయిదాకు మూడొందల యాభై మాత్రమే తగ్గుతుంది. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ వంటివి ఐటీఐ వారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది నిబంధన.

కాంట్రాక్టర్‌ను పూర్తిగా వదులుకోమని కాదు, బేరం మార్చమంటున్నాను. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న సంస్థలు కూడా ఇష్టమైతే అప్రెంటిస్‌లను పెట్టుకోవచ్చు. చదువయ్యాక అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం రిజిస్టర్ చేయించి నన్ను తీసుకోండి అని అడగండి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో నాలుగో వంతు, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. అందులో ఆయనకూ లాభం ఉంది. 1961 అప్రెంటిస్ చట్టం 22వ సెక్షన్ మీరు చదవాలి. శిక్షణ తరువాత యజమాని దగ్గరే పనిచేయాలని ఒప్పందంలో రాస్తే, ఉద్యోగం ఇవ్వడం యజమానికి కూడా తప్పనిసరి. ఎన్నేళ్లు, ఎంత జీతం అన్నవి న్యాయంగా లేవనిపిస్తే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) మార్చవచ్చు. ఇప్పుడు మీ ముందున్న కాగితంలో మీరు ఉండాలని ఉంది, ఆయన ఉంచుకోవాలని ఎక్కడైనా ఉందా?

మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని రాయించుకునే ఇలాంటి బాండ్లు కోర్టులో చెల్లవని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మి సంతకం పెట్టకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి కేసులో 2 లక్షల బాండును సమర్థించింది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తమంతా ఇప్పించరు, దాన్ని మించకుండా న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. కానీ అది తేలేదాకా తిరిగేది మీరు. కాంట్రాక్టర్ డబ్బు తీసుకోక తప్పదంటే గడువు ఏడాదిన్నర మించకూడదు. తిరిగి కట్టాల్సింది ఆయన నిజంగా పెట్టిన మొత్తమే కావాలి, మీరు పనిచేసిన ప్రతి నెలకూ అది తగ్గుతూ రావాలి. జీతం మీ అన్నయ్యలాంటి వారికి ఇచ్చేదానికి దగ్గరగా ఉండాలి. గర్భం వచ్చినా, జబ్బు చేసినా ఆ నెలలను ‘మానేయడం’ కింద లెక్కించకూడదని స్పష్టంగా రాయించండి. మగవారికి రాసే బాండుల్లో ఈ వాక్యం ఉండదు, మీదాంట్లో లేకపోతే మొదట దెబ్బతినేది మీరే. సర్టిఫికెట్ల నకళ్లు మాత్రమే ఇవ్వండి. ఖాళీ చెక్కు అసలు వద్దు. ఆయన ఇష్టమొచ్చిన అంకె వేసి బ్యాంకులో వేస్తే, అది బౌన్సయితే మీ మీద క్రిమినల్ కేసు అవుతుంది.

‘ఎవరు పిలుస్తారు’ అన్న మీ ఆయన ప్రశ్నను కొట్టిపారేయను, ఇల్లు నడపాల్సింది ఆయన కూడా. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు మహిళలను రానివ్వకపోతే సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష వంటివారు హైకోర్టుకు వెళ్లి, కరెంటు స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి ఉద్యోగం తెచ్చుకున్నారు. ఇక ఇళ్ల పని మాటకొస్తే, పగలు ఆడవాళ్లే ఉండే ఇంట్లోకి ఎలక్ట్రీషియన్‌ను పిలవడానికి ఎంత ఆలోచిస్తారో మీ వీధిలోనే అడిగి చూడమనండి. సొంతంగా మొదలుపెట్టే రోజు వస్తే ముద్ర రుణం శిశు విభాగంలో 50,000 దాకా తాకట్టు లేకుండా దొరుకుతుంది. విశ్వకర్మ పథకం కింద ఇప్పిస్తామని ఎవరైనా వస్తే డబ్బు ఇవ్వకండి. అది సంప్రదాయ చేతివృత్తుల వారి పథకం, దాని 18 వృత్తుల జాబితాలో ఎలక్ట్రీషియన్ లేదు.

పనిముట్లలో పొదుపు చేయాలనుకుంటే డ్రిల్ మిషన్ అన్నయ్యది వాడుకోండి. టెస్టర్, కటింగ్ ప్లయర్, మల్టీమీటర్ మాత్రం మీ సొంతం, మంచివి కొనండి. బూట్లు మీ కాలికి సరిపోయేవే కొనాలి. దుకాణాల్లో ఉండేవి చాలావరకు మగవారి సైజులే. వెతికి తెప్పించుకోండి కానీ, వదులుగా ఉన్నవాటిలో గుడ్డ కుక్కి నిచ్చెన ఎక్కకండి.

ఇంకొకటి మీరు అడగలేదు. ఆ రెండేళ్లు ఇల్లంతా ఒక్క ఆటో మీద నడుస్తుంది. కాబట్టి చదువు మొదలయ్యేలోపు మీ ఆయన పేరు మీద బ్యాంకులో రెండు ఫారాలు నింపించండి: ఏడాదికి 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్ జ్యోతి, 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా. కరెంటుతో పని కాబట్టి సురక్షా మీకూ కావాలి. రెండింటి గడువూ మే 31తో ముగుస్తుంది, ప్రీమియం ఖాతా నుంచే కోసుకుంటారు. ఆ నెలలో ఇద్దరి ఖాతాల్లోనూ అయిదారు వందలైనా నిల్వ ఉండేలా చూసుకోండి.