చలికాలంలో ఆరుబయట రిసెప్షన్: ఎఫ్‌డీ తీసేయాలా, లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది అనంతపురం. డిసెంబరు మొదటి వారంలో అమ్మాయి పెళ్లి. ముహూర్తం పెన్నహోబిలంలో. మరుసటి రోజు రాత్రి మా లేఅవుట్‌లోని ఖాళీ స్థలంలో రిసెప్షన్. ఈవెంట్ వాళ్లు మొత్తం రూ.6.20 లక్షలు చెప్పారు. అందులో 600 ప్లేట్లు (ఒక్కోటి రూ.400), చలికి 12 గ్యాస్ హీటర్లు (రూ.60 వేలు) ఉన్నాయి. చేతిలో రూ.3.20 లక్షలున్నాయి. రెండేళ్ల గడువుకు 7 శాతానికి వేసిన రూ.5 లక్షల ఎఫ్‌డీ మరో 8 నెలల్లో మెచ్యూర్ అవుతుంది. దాన్ని తీసేయాలా, పర్సనల్ లోన్‌కు వెళ్లాలా?

జవాబు: రెండూ వద్దండి. ముందు ఆ కొటేషన్ సంగతి చూద్దాం.

గొడుగులా ఉండే ఆ గ్యాస్ హీటర్ వేడి చుట్టూ రెండు మూడు మీటర్లు దాటదు. గాలి వీస్తే అదీ ఉండదు. పైగా గుడ్డ షామియానా కింద మంట. వాటికి బదులు కరెంటు హీటర్లు పెడతామంటే ఒక్కోటి 2 కిలోవాట్లు, పన్నెండుకు 24. లైట్లు, సౌండ్ మోస్తున్న 25 కేవీఏ జనరేటర్ అక్కడే ఆగిపోతుంది. అసలు మన దగ్గర ఒణికించే చలి తెల్లవారుజామున. రాత్రి 7 నుంచి 10 దాకా ఇబ్బంది పెట్టేది గాలి, పైనుంచి కురిసే మంచు. కాబట్టి హీటర్లు తీసేయించి, అందులో రూ.20 వేలు మూడు వైపులా పరదాలకు, తడవని పైకప్పుకు పెట్టండి. స్టేజీ గాలికి అడ్డంగా వేయించండి.

భోజనాలు 6.30కే మొదలుపెట్టండి. చలికి పల్లెల నుంచి బైకుల మీద వచ్చేవాళ్లు తొందరగా తిని వెళ్లిపోతారు, కొందరు రారు కూడా. అందుకే 600 ప్లేట్లకు మాట ఇవ్వొద్దు. 480కి గ్యారంటీ రాసి, మించితే అదే ధరకు మరో 60 వడ్డించేలా ఒప్పుకోండి. జనమంతా 7.30–8.30 మధ్యే మీద పడతారు కాబట్టి వందమందికో కౌంటర్ ఉండాలి. ఐస్‌క్రీమ్ బదులు బాదం పాలు. ఓళిగలు (బొబ్బట్లు) పెనం మీదినుంచి నేరుగా ప్లేట్లోకి రావాలి, చల్లబడితే పైన నెయ్యి పేరుకుంటుంది.

హీటర్లలో రూ.40 వేలు, ప్లేట్లలో రూ.48 వేలు తగ్గాయి. ఖర్చు రూ.5.32 లక్షలు, లోటు రూ.2.12 లక్షలు. చేతి ఖర్చుకు కొంత కలిపి రూ.2.50 లక్షలు ఎఫ్‌డీ మీదే లోన్ తీసుకోండి. ఎఫ్‌డీ విలువలో సాధారణంగా 90 శాతం దాకా ఇస్తారు, వడ్డీ ఒకటి రెండు శాతం ఎక్కువ. 9 శాతం పడిందనుకుందాం. ఆ రెండున్నర లక్షల మీద 7 శాతం మీకు వస్తూనే ఉంటుంది కనుక నికర భారం 2 శాతమే: 8 నెలలకు సుమారు రూ.3,300. ఇప్పుడే రద్దు చేస్తే ఒక శాతం జరిమానా లెక్కన గడిచిన 16 నెలలకే దాదాపు రూ.6,700 పోతుంది. పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లంటే నెలకు రూ.8,544 కిస్తీ, వడ్డీయే రూ.57 వేలు దాటుతుంది. ఎఫ్‌డీ మీది లోన్‌నే ఓవర్‌డ్రాఫ్ట్‌గా అడగండి, వాడుకున్నదానికే వడ్డీ పడుతుంది.

చదివింపులతో కట్టేద్దామని లెక్కేసుకోవద్దు. పెళ్లి కానుకలకు పన్ను మినహాయింపు వధూవరులకే. బంధువులు కానివాళ్లు మీ పేరున ఇచ్చినవి ఏడాదిలో రూ.50 వేలు దాటితే మీకు పన్ను పడుతుంది. ఒకే సందర్భానికి ఒకరి నుంచి రూ.2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా. ఇది ఈవెంట్ వాళ్లకూ వర్తిస్తుంది కాబట్టి బ్యాంకు ద్వారానే కట్టండి.

నాకు చలికన్నా వాన భయం ఎక్కువ. నవంబరు, డిసెంబరు మన సీమకు తుపాన్ల కాలం. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వానలకే. అడ్వాన్సు మూడో వంతు మించకుండా ఇచ్చి, వాన పడితే అదే డబ్బుతో కల్యాణ మండపానికి మార్చే షరతు కాగితం మీద రాయించండి. ఆ మండపం ఖాళీగా ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి.