వంశీకి, ఖాళీ లాబీ గురించి

కావలి

చిరంజీవి వంశీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి ఆన్‌లైన్ ఆట తయారు చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒంగోలు గిత్తలతో బండలాగుడు, జట్టుకి నలుగురు, రెండు జట్లు, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఆడొచ్చు అంట కదా. బో సంతోషమైంది నాయనా. మన తిరునాళ్లలో జనం ఎగబడి చూసే పోటీ, ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని ఆటగా సరిగ్గా పట్టుకోలేదు. మీ నాన్న ఈ ఏడు పొగాకు వేలంలో వచ్చిన డబ్బంతా నీ చేతిలో పెడతానంటున్నాడని కూడా చెప్పింది. అది విన్నప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆట సర్వర్ల పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

తేలికైనవి ముందు చెప్పేస్తా. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒక్కో ఆటకి 100 డాలర్లు కట్టాలి, కట్టాక 30 రోజులు ఆగాలి. ‘త్వరలో వస్తోంది’ పేజీ కనీసం రెండు వారాలు ఉండాలి, నువ్వు మాత్రం నెలల ముందే పెట్టు. గూగుల్ ప్లేలో 25 డాలర్లు. సొంత పేరు మీద కొత్త ఖాతా అయితే 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాలి, వాళ్లని ఇప్పుడే మాట్లాడిపెట్టుకో. బండ ఎంత దూరం కదిలిందో లెక్క కట్టేది సర్వరే కావాలి, ఫోన్ చెప్పిన లెక్క నమ్మితే మోసగాళ్లు వారంలో దిగుతారు. ఇవన్నీ నీకు వచ్చిన పనులే.

రానిది ఇంకోటుంది. చిన్న బృందాలు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చేస్తున్న తప్పు అది. ఆట బాగుంటే జనం వస్తారు, జనం వస్తే గదులు, అంటే పోటీకి ముందు ఆటగాళ్లు చేరే లాబీలు, వాటంతట అవే నిండుతాయి అనుకోవడం.

కాగితం తీసుకుని లెక్క వెయ్యి. రోజుకి 200 మంది నీ ఆట తెరిచారనుకో. కొత్త ఆటకి అది తక్కువేం కాదు. ఒక్కొక్కరు అరగంట ఉన్నారనుకో. మొత్తం 100 గంటలు. దాన్ని 24తో భాగిస్తే నాలుగు చిల్లర. అంటే సగటున ఏ క్షణంలో చూసినా నీ ఆటలో ఉండేది నలుగురు. నీ పోటీకి ఎనిమిది మంది కావాలి. ఆ సగటు లెక్కన, రోజుకి 200 మంది వచ్చిన ఆటలో ఒక్క పోటీ మొదలవడం కూడా కష్టమే!

మొదటిరోజు వచ్చినవాడి ముందు కనబడేది ఇది: ‘ఆటగాళ్ల కోసం వెతుకుతున్నాం, 1/8’. కింద చక్రం తిరుగుతుంటుంది. కాసేపటికి 2/8 అవుతుంది. ఆ రెండోవాడు విసిగి వెళ్లిపోతే మళ్లీ 1/8. నిమిషం దాటాక మొదటివాడూ వెళ్లిపోతాడు. వాళ్లిద్దరూ ఒకరి కోసం ఒకరు వచ్చినవాళ్లే, చేతికందే దూరంలో ఉండి కూడా కలవలేదు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. వాడు అడుగుతాడు. వెళ్తూ వెళ్తూ ‘డెడ్ గేమ్, ఎవరూ లేరు’ అని రివ్యూ రాసిపోతాడు. స్టీమ్‌లో పది రివ్యూలు పడ్డాకే రేటింగ్ కనబడుతుంది. ఆ మొదటి పదిలో అట్లాంటివి నాలుగు ఉన్నాయంటే నీ ఆట పేరు పక్కన ‘మిక్స్‌డ్’ అని పడుతుంది. అది చూసి తర్వాతవాడు కొనడు, కొనలేదు గనక గది ఇంకా ఖాళీ. ఎడ్ల బొమ్మలు ఎంత బాగా గీశావన్నది అప్పటికి ఎవరూ చూసి కూడా ఉండరు.

ఇది పెద్దవాళ్లకీ తప్పలేదు. 2017 ఆగస్టులో లాబ్రేకర్స్ అని అయిదుగురు అయిదుగురుగా ఆడే ఆట వచ్చింది. పేరున్న డిజైనర్, చేతిలో పెట్టుబడి, కొని ఆడాల్సిన ఆట. జనం చాల్లేదు. 2018 మేలో స్టూడియో మూతపడింది, సెప్టెంబరులో సర్వర్లు ఆపేశారు. 2024 ఆగస్టు 23న సోనీ విడుదల చేసిన కాంకర్డ్ ఆటని రెండు వారాలకే, సెప్టెంబరు 6న, వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇచ్చారు. వాళ్ల ఖజానా వేరు, తట్టుకున్నారు. మీ నాన్న పొగాకు డబ్బు ఒక్క పంట కాలానిది.

ఈ తప్పుకి తోడు ఇంకో తప్పు చేస్తారు. ఉన్న కాస్త జనాన్నీ ముక్కలు చేస్తారు. ముంబై సర్వర్, సింగపూర్ సర్వర్. మూడు రకాల పోటీలు. కొత్తవాళ్లకి ఒక వరుస, చెయ్యి తిరిగినవాళ్లకి ఇంకో వరుస. రెండు మూళ్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు వరుసలు. ఒకేసారి 50 మంది ఉన్నా వరుసకి నలుగురే. గది సగమే నిండుతుంది, పన్నెండు చోట్లా. ఒక్కటే వరుస అయితే చూడు: 50 మందికి ఆరు పోటీలు నడుస్తుంటాయి. పోటీ పది నిమిషాలనుకుంటే వంద సెకన్లకొకటి ముగుస్తుంది. కొత్తగా వచ్చినవాడు రెండు నిమిషాల్లోపే బండ ముందు నిలబడతాడు. జరుగుతున్న పోటీలోకి మధ్యలో దిగనిస్తే ఆ రెండు నిమిషాలూ ఉండవు. ఒకే రకం పోటీ, ఒకే సర్వర్, ఒకే వరుస. రెండో రకం పోటీ కావాలని పిలకాయలు ఎంత గోల చేసినా, మొదటి వరుస రోజూ సాయంత్రం నిండేదాకా తెరవబాకు.

మరి 50 మంది ఒకేసారి యాడ నుంచి వస్తారంటావా? రోజుకొచ్చే ఆ 200 మందిలో నుంచే. సగం మందిని ఒకే గంటలో రప్పించగలిగితే, వంద మంది, తలా అరగంట, ఆ గంటలో సగటున 50 మంది ఉన్నట్టే. నెల్లూరు రొట్టెల పండగ గుర్తు తెచ్చుకో. ఉద్యోగ రొట్టె కావాల్సినవాడికి, ఉద్యోగమొచ్చి రొట్టె ఇవ్వాల్సినవాడు స్వర్ణాల చెరువులో ఎదురుపడుతున్నాడంటే, అందరూ మొహర్రం అప్పుడు ఆ నాలుగైదు రోజుల్లోనే బారాషహీద్ దర్గాకి వస్తారు గనక. ఏడాది పొడుగునా ఎప్పుడైనా రండి అంటే ఆ ఇద్దరూ ఎప్పటికీ కలవరు. నీ ఆటకీ ఒక వేళ పెట్టు. శనివారం రాత్రి తొమ్మిదికి పోటీ అని పేజీ మీద, ఆటలో మొదటి తెర మీద, ఆటగాళ్లు కబుర్లాడుకునే డిస్కార్డ్‌లో, యాడ చూసినా అదే కనబడాలి. మిగతా వేళల్లో వచ్చినవాడికి ‘తర్వాతి పోటీ ఇంకా ఇన్ని గంటలకి’ అని గడియారం చూపించి, గుర్తు చెయ్యమంటావా అని అడుగు. తొమ్మిదే ఎందుకంటే, మన శనివారం రాత్రి తొమ్మిదికి డాలస్‌లో ఎండాకాలమైతే అదే శనివారం ఉదయం పదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. అక్కడున్న మనవాళ్లకి సెలవు పూట. నీ మొదటి వంద మందిలో వాళ్లు ఉండితీరతారు.

కాకపోతే వాళ్ల దగ్గర్నుంచి సిగ్నల్ ముంబై సర్వర్ దాకా వచ్చి వెళ్లడానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. తుపాకీ ఆటకైతే అది చావే. బండలాగుడుకి పరవాలేదు, అయితే నువ్వు కాడి లాగే లయని సర్వర్ దగ్గర కొలవకుండా, నొక్కిన సమయాన్ని ఫోన్లోనే ముద్ర వేసి పంపి, సాధ్యమయ్యే సమయమేనా కాదా అన్నది సర్వర్ సరిచూసేట్టు రాస్తేనే. నెట్‌ని కావాలని మందగింపజేసే పనిముట్లతో, లినక్స్‌లో అయితే టీసీ నెటెమ్‌తో, విండోస్‌లో అయితే క్లమ్సీతో, 200 మిల్లీసెకన్ల ఆలస్యం, నూటికి మూడు ప్యాకెట్ల (నెట్ మీద పోయే సమాచారపు ముక్కల) నష్టం పెట్టి రోజూ నువ్వే ఆడు. ఇంట్లో ఫైబర్ మీద బాగుందని మురిసిపోవద్దు. మన ఊళ్లలో పిలకాయలు మొబైల్ డేటా మీద ఆడతారు. అక్కడ ఒకే ఐపీ అడ్రసు వెనక వందల మంది ఉంటారు, చాలాసార్లు ఒకరి ఫోన్‌ని ఇంకొకరి ఫోన్ నేరుగా చేరలేదు. ఒక ఆటగాడి ఫోనే సర్వర్‌గా పెట్టి ఖర్చు మిగుల్చుకుందామంటే మధ్యలో అటుది ఇటు అందించే రిలే కావాలి. స్టీమ్ రిలే, ఎపిక్ ఆన్‌లైన్ సర్వీసెస్ రెండూ డబ్బు లేకుండా దొరుకుతాయి. స్టీమ్‌దీ ఫోన్‌దీ కలిసి ఒకే వరుసలో ఆడాలి గనక నీకు ఎపిక్‌దే సరిపోతుంది. ఫోన్ వరుస, కంప్యూటర్ వరుస విడదీశావంటే మళ్లీ మొదటికొస్తావు.

సర్వర్ బిల్లు గురించి నాకున్న భయాన్ని నువ్వు కొట్టిపారెయ్యొద్దు. సెకనుకి 30 ప్యాకెట్లు, ఒక్కోటి 100 బైట్లు, అంటే మనిషికి సెకనుకి 3 కిలోబైట్లు. ఎనిమిది మందికి గంటకి 86 మెగాబైట్ల చిల్లర. అది చిన్నదే. బిల్లు పెరిగేది ఖాళీగా తిరిగే మిషన్ల వల్ల. ఎవరూ ఆడని తెల్లవారుజామున కూడా నాలుగు మిషన్లు వెలుగుతుంటాయి, నెలాఖరుకి మీ నాన్న కార్డు మీద పడుతుంది. క్లౌడ్‌లో ఖర్చు హద్దు దాటితే మెసేజ్ వచ్చేట్టు మొదటిరోజే పెట్టు. ఆ మెసేజ్ మిషన్లని ఆపదు, ఆపే ఏర్పాటు నువ్వే చేసుకోవాలి. చేసి, ఒకసారి నిజంగా ఆపి చూడు.

ఎనిమిది అన్న అంకె దగ్గరికే మళ్లీ వస్తున్నా, కోపం తెచ్చుకోవద్దు. ఇద్దరితో మొదలయ్యే ఆట చెయ్యి. ఒక్కడొస్తే గిత్తలకి తర్ఫీదు ఇచ్చుకోవాలి, నిన్నటి తన దూరంతోనే పోటీ పడాలి. ఇద్దరొస్తే జోడీ. ఇరవై సెకన్లలో జనం నిండకపోతే మిగతా చోట్లు బాట్లతో, అంటే కంప్యూటరే ఆడించే ఆటగాళ్లతో, నింపి పోటీ మొదలెట్టు, మనిషి వచ్చినప్పుడు రౌండు మధ్యలో బాట్ తప్పుకోవాలి. బాట్‌కి మనిషి పేరు మాత్రం పెట్టబాకు. ‘కంప్యూటర్’ అనే రాయి. మోసపోయామని తెలిస్తే పిలకాయలు క్షమించరు, క్షమించకూడదు కూడా.

తెలియనివాళ్ల మీద ఆధారపడని ఆటలే ఎక్కువగా చిన్న బృందాల చేతుల్లో నిలబడ్డాయి. అమాంగ్ అస్ 2018 జూన్‌లో ఫోన్లలోకి వచ్చింది. మొదట్లో ఒకే వైఫై మీద ఉన్నవాళ్లే ఆడుకునేది. ముగ్గురే తయారుచేసినవాళ్లు. రెండేళ్లపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 2020లో స్ట్రీమర్ల చేతిలో పడ్డాక లోకమంతా ఆడింది. అంతదాకా అది బతికి ఉండగలిగింది, ఎందుకంటే ఖర్చు తక్కువ, స్నేహితుల గుంపు ఒకటి చేరితే చాలు. 2023 అక్టోబరులో వచ్చిన లెథల్ కంపెనీ ఒక్కడు చేసింది, నలుగురు స్నేహితులుంటే అపరిచితుడి అవసరమే లేదు. నువ్వు పదో తరగతిలో ట్రంకు రోడ్డు నెట్ సెంటర్‌కి కౌంటర్ స్ట్రైక్ ఆడ్డానికి పోయినప్పుడు కూడా ఎప్పుడూ ఒక్కడివే పోలేదు కదరా, నలుగుర్ని వెంటేసుకునే పోయేవాడివి. మీ అమ్మ చేత తిట్లు తిన్నదీ నలుగురూ కలిసే. నీ ఆటలోకి జనం వచ్చే దారి అదే. కాబట్టి ‘స్నేహితుణ్ణి పిలువు’ బటన్ మొదటి తెర మీదే ఉండాలి, నొక్కితే వాట్సాప్‌లో లింకు పోవాలి, లింకు నొక్కినవాడు ఖాతా తెరవకుండానే నేరుగా ఆ గదిలోకే దిగాలి. ఒకరు కొంటే ఇంకొకరు ఉచితంగా ఆడేట్టు పెట్టు. ఇట్ టేక్స్ టూ 2021లో అట్లాగే పెట్టింది.

తెలుగు యూట్యూబర్లకి ఆట పంపేటప్పుడు ఒక్క కీ (ఉచితంగా ఆట తెరిచే కోడ్) పంపవద్దు. ఎనిమిది పంపు. ఒక్కడే ఖాళీ గదిలో కూర్చుని వీడియో తీస్తే నువ్వే డబ్బిచ్చి నీ పరువు తీయించుకున్నట్టు.

రాబోయే ఆటల డెమోలు చూపించే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లోకి ఒక ఆట ఒక్కసారే పోవాలి, తొందరపడి ఖర్చు చేసుకోబాకు. ముందు స్టీమ్ ప్లేటెస్ట్ వాడు, విడుదలకి ముందు జనంతో ఆడించి చూసే ఏర్పాటు అది. దానికి రివ్యూలు ఉండవు, ఎన్ని తప్పులు దొర్లినా మచ్చ పడదు. నాలుగు శనివారాలు వరసగా ప్లేటెస్ట్ నిండితే నెక్స్ట్ ఫెస్ట్, అది అయిన కొద్ది వారాలకే విడుదల.

ఇంకో మాట, దీంట్లో మాత్రం నా మాట కాదనొద్దు. బండలాగుడు అనగానే పందెం పెట్టమనేవాళ్లు వస్తారు. యాభై రూపాయలు కట్టి చేరండి, గెలిస్తే అయిదొందలు, జనం తోసుకుని వస్తారు అంటారు. గది నిండదన్న బెంగలో ఉన్నవాడికి ఆ మాట తియ్యగా ఉంటుంది. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పందేల ఆటలు నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆట, నైపుణ్యమైనా అదృష్టమైనా, నడపడం నేరం, జైలు కూడా ఉంది. ప్రకటన వేసినా తప్పే. ఆ మాట అన్నవాణ్ణి గడప తొక్కనివ్వబాకు నాయనా. గిత్త కొమ్ములకి రంగులు, మెడలో గంటలు, పట్టెడలు అమ్ముకో, అవి చాలు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. రాజీనామా రేపే ఇవ్వొద్దు. ఎడ్ల బొమ్మలు అక్కర్లేదు, రెండు పెట్టెలు, ఒక రాయి, ఇద్దరు లాగే ఆట ఒకటి ఆరు వారాల్లో సాయంత్రాలు కూర్చుని చెయ్యి. మన బంధువుల్నీ, నీ కాలేజీ వాళ్లనీ శనివారం తొమ్మిదికి పిలువు. మొదటి వారం మొహమాటానికి అందరూ వస్తారు, అది లెక్కలోకి రాదు. నాలుగో శనివారం నువ్వు ఫోన్ చెయ్యకుండా ఎంతమంది వచ్చారు, అందులో నీకు ముఖపరిచయం కూడా లేనివాళ్లు ఎందరు, అది చూడు. పదహారు మంది, అంటే ఎనిమిదేసి లెక్కన రెండు గదులకి సరిపోయేంత మంది, వస్తే నేనే మీ అమ్మతో మాట్లాడతా, నా దగ్గరున్నదీ కొంత సర్దుతా. రాకపోతే ఆట మార్చు, పొగాకు డబ్బు మాత్రం ముట్టుకోబాకు.

ఒక్కో పోటీకి ఒక లైను చొప్పున ఫైలు రాయించు: వరుసలో చేరిన సమయం, పోటీ మొదలైన సమయం, ఎంతమంది మనుషులు, ఎంతమంది బాట్లు, ఎవరు ఎన్నో నిమిషంలో వెళ్లిపోయారు, వెళ్లినవాడు మొబైల్ డేటాయా వైఫైయా. నాలుగు శనివారాల ఫైళ్లూ నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. వేళకి అన్నం తిను, రాత్రి రెండింటిదాకా కూర్చోబాకు.

నీ పెద్దమ్మ