వణుకు పుడితే జ్వరం కోసం చూడకు

నాయనా,

నీకు డయాలసిస్ మొదలై మూడు వారాలు దాటిందని, మెడ దగ్గర గొట్టం పెట్టారని, ఆయాసం బాగా తగ్గిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. అయితే పదకొండేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నవాణ్ణి కాబట్టి, ఆయాసం తగ్గగానే మనిషికి ఎలాంటి ధీమా వస్తుందో నాకు తెలుసు. నా భయమంతా ఆ ధీమా గురించే.

కిడ్నీలు పని చేయనప్పుడు రక్తంలో మిగిలిపోయే వ్యర్థాలు తెల్ల రక్తకణాలను కూడా మందకొడిగా చేస్తాయి. డయాలసిస్ వాటిని కొంతవరకే తీయగలదు. పైగా నీకు షుగర్ ఉంది. మనలాంటివాళ్లలో గుండె జబ్బుల తర్వాత ఎక్కువ ప్రాణాలు తీసేది ఇన్‌ఫెక్షనే. బెదిరించడానికి రాయడం లేదు, ఇందులో చాలా భాగం మన చేతుల్లోనే ఉంది కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ గొట్టం సంగతి. దాని ఒక కొస గుండె దగ్గర రక్తంలో ఉంటే, రెండో కొస బయట ఉంటుంది. చర్మం మీదా ముక్కులోనూ కాపురముండే స్టెఫైలోకాకస్ లాంటి సూక్ష్మజీవులకు అది తెరిచిన తలుపు. అందుకే మూతలు తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ నువ్వూ నర్సూ ఇద్దరూ మాస్కు వేసుకోవాలి. అప్పుడు మాట్లాడకు. గొట్టం మొనను క్రిమినాశకంతో రుద్ది, ఆరిన తర్వాతే మిషన్‌కు కలపాలి. తొందరలో ఎవరైనా ఆ పని వదిలేస్తే మర్యాదగానే ఆపి అడుగు. మొహమాటానికి ఇది చోటు కాదు. స్నానంలో డ్రెస్సింగ్ తడవనివ్వకు. తడిసినా, అంచు లేచినా తర్వాతి సెషన్ దాకా ఆగకుండా సెంటర్‌కు ఫోను చెయ్యి.

నాకు రెండో నెలలో జరిగింది నువ్వు వినలేదేమో. మిషన్ మొదలైన అరగంటకు వణుకు పుట్టింది. థర్మామీటరులో జ్వరం లేదు. ఏసీ చలి అనుకుని దుప్పటి అడిగి కప్పుకున్నాను. ఇంటికి వచ్చేసరికి తగ్గింది. తర్వాతి సెషన్‌లో మళ్లీ అదే. మూడోసారి బీపీ పడిపోయి ఆసుపత్రిలో చేర్చారు. గొట్టం లోపలి గోడకు పట్టిన సూక్ష్మజీవులు, రక్తం అందులోంచి పారినప్పుడల్లా ఒంట్లోకి కొట్టుకొస్తున్నాయని డాక్టరు చెప్పారు. జిగురు పొరలా అంటుకుని ఉంటాయి గనుక మందు ఒక్కటే చాలలేదు, గొట్టం తీసేయవలసి వచ్చింది. నెల తిరగకుండా నడుము నొప్పి మొదలైంది. ఇన్‌ఫెక్షన్ వెన్నుపూసకు చేరిందని తేలింది. ఆరు వారాలు యాంటీబయాటిక్ ఎక్కించారు. దుప్పటి అడిగిన నోటితోనే వణుకు వస్తోందని చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మన ఒంటి వేడి మామూలుగానే కాస్త తక్కువ. ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. 100.4 డిగ్రీలు చూపిస్తే వెంటనే చెప్పాల్సిందే, కానీ అంకె కోసం కాచుకుని కూర్చోకు. వణుకు, కారణం తెలియని నీరసం, మాట తడబడటం, గొట్టం చుట్టూ ఎరుపు, చీము, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే చెప్పు. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్ర మాత్రం వేసుకోకు. ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీయకముందే మాత్ర పడితే అది దొరకకుండా పోవచ్చు. పైగా కొన్ని మందులు కిడ్నీ పని చేయనివాళ్ల ఒంట్లో పేరుకుపోతాయి.

టీకాలు వాయిదా వేయకు. కాలేయాన్ని దెబ్బతీసే, రక్తం ద్వారా సోకే హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతకగలదు. మామూలు పెద్దలకు 20 మైక్రోగ్రాముల డోసు వేస్తే, మన శరీరం సరిగా స్పందించదు కాబట్టి మనకు 40 వేస్తారు. చివరి డోసు పడిన నెల, రెండు నెలల్లో టీకా పట్టిందో లేదో చూసే యాంటీబాడీ పరీక్ష చేయించు. రిపోర్టులో 10 (mIU/mL) కంటే తక్కువ వస్తే మళ్లీ వేయించుకోవాలి. ఆ తర్వాత ఏటా పరీక్ష. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పినట్టు. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష అడుగు.

అన్నిటికంటే పెద్ద రక్షణ ఆ గొట్టాన్ని వీలైనంత త్వరగా వదిలించుకోవడం. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్ట్యులాకు ఇన్‌ఫెక్షన్ భయం చాలా తక్కువ. కానీ అది సూదులకు సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. సర్జన్ తేదీ ఇవ్వకపోతే ఈ వారమే వెళ్లి అడుగు. ఏ చేతికి చేస్తారో తెలిసిన రోజు నుంచి ఆ చేతిలో సూది గుచ్చనివ్వకు. తేదీ ఖాయం కాగానే నాకు ఫోను చెయ్యి, ఆ రోజు నేనూ వస్తాను.

మీ పెదనాన్న