‘లైక్’, ‘యాజ్’ కనిపిస్తే సిమిలీయేనా?

ఇంగ్లీషు వాక్యంలో ‘లైక్’, ‘యాజ్’ ఉంటే సిమిలీ (ఒకటి మరొకదానిలా ఉందని పోల్చడం), లేకపోతే మెటఫర్ (ఒకటి మరొకటేనన్నట్టు చెప్పడం) అనుకోవచ్చా అని అడిగారు. ఆ గుర్తు కొంతవరకే పనికొస్తుంది. ‘షీ లుక్స్ లైక్ హర్ మదర్’ అన్నప్పుడు ఉన్న పోలికనే చెబుతున్నాం, అందులో అలంకారం లేదు. ‘హిజ్ హ్యాండ్స్ వర్ లైక్ ఐస్’ చూడండి. చేతులు వేరు, మంచుగడ్డ వేరు. చల్లదనం ఒక్కటే రెంటినీ కలుపుతోంది. ఇదీ సిమిలీ, మన ఉపమ.

మెటఫర్ దాదాపు మన రూపకమే: ‘హిజ్ హార్ట్ ఈజ్ స్టోన్’. ఇది తేలిగ్గానే దొరుకుతుంది. అసలు చిక్కు క్రియలో దాక్కున్న మెటఫర్‌తోనే. ‘ప్రైసెస్ క్లైమ్డ్’ అంటారు, ధరలకు కాళ్లెక్కడివి? అందుకే పాఠం చదువుతున్నప్పుడు నేను ముందు క్రియనే పట్టుకుంటాను: ఈ పని ఆ కర్త నిజంగా చేయగలదా?