పాఠకుల ప్రశ్నలు: చలిపొద్దున స్టార్టయి ఆగిపోయే కారు

ప్రశ్న: మాది విజయనగరం. గజపతినగరం దగ్గరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా పెట్రోలు కారు 2014లో కొన్నది, ఇప్పటికి 82,000 కిలోమీటర్లు తిరిగింది. కార్తీకం దాటిన దగ్గరనుంచి ఉదయం ఆరున్నరకు తాళం తిప్పితే ఒక్క సెల్ఫుకే స్టార్టవుతోంది గాని, పది సెకన్లు గడవకముందే ఇంజిన్ వణికి ఆగిపోతోంది. రెండోసారీ అంతే. మూడోసారి యాక్సిలరేటరు మీద కాస్త కాలు వేసి ఉంచితే నిలబడుతోంది. రెండు మూడు నిమిషాల తరువాత ఏ ఇబ్బందీ ఉండదు. సాయంత్రం బడి వదిలాక వెంటనే స్టార్టవుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. ఒక షెడ్డులో బ్యాటరీ, ప్లగ్గులు మార్చారు, తేడా లేదు. ఇప్పుడు పెట్రోలు పంపు మార్చాలంటున్నారు. మరొకరేమో చలికి పాత కార్లు ఇంతే అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, పంపు మార్చడానికి అప్పుడే ఒప్పుకోకండి. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే జబ్బు జాడ చాలావరకు ఉంది. దాన్ని చదవకుండా ఒక్కొక్క సామానూ మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది గాని కారు బాగుపడదు.

ముందుగా చలి సంగతి. విజయనగరంలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా వేడి పదిహేను, పదహారు డిగ్రీల కంటే దిగడం అరుదు. నీళ్ళు గడ్డకట్టే కాశ్మీరులోనూ ఇవే కార్లు పొద్దున్నే స్టార్టవుతున్నాయి. కాబట్టి మన చలి కారును పాడుచేయలేదు. లోపల ముందే ఉన్న లోపాన్ని బయటపెట్టిందంతే. ఇదే లోపం వేసవిలో కూడా ఉండి ఉంటుంది, కానీ ఇంజిన్ రాత్రంతా వెచ్చగానే ఉండడం వల్ల మీకు తెలిసి ఉండదు.

చల్లని ఇంజిన్‌లో జరిగేది ఇది. పెట్రోలు ఆవిరి రూపంలోనే మండుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చిమ్మిన పెట్రోలులో కొంత భాగం గాలి వెళ్ళే దారి గోడలకు చెమ్మలా అంటుకుని ఉండిపోతుంది. ఆ లోటు తీరడానికి ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు మామూలు కంటే ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. చల్లారిన ఆయిలు చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆగకుండా తిరగడానికి గాలి కూడా ఎక్కువే కావాలి. అందుకే పొద్దున్నే ఆర్.పి.ఎం. ముల్లు 1,200 దరిదాపుల్లో నిలిచి, వేడెక్కాక 800 దగ్గరకు దిగుతుంది. ఆ మొదటి నిమిషంలో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఇంకా పనిలోకి రాదు. అది దాదాపు 300 డిగ్రీలకు వేడెక్కితేనే కంప్యూటరుకు సరైన కబురు పంపగలదు. అంతవరకు పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించడానికి కంప్యూటరు ముఖ్యంగా ఆధారపడేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే చిన్న సెన్సార్ మీద. మీ కారు రెండు నిమిషాల తరువాత బాగుపడుతోందంటే, వేడెక్కాక దిద్దుబాటు దొరుకుతోందని, చల్లగా ఉన్నప్పటి లెక్కే తప్పుతోందని అర్థం.

ఒక్క సెల్ఫుకే అందుకుంటోందన్నారు గనుక బ్యాటరీ తప్పు లేదు. అది బలహీనమైతే సెల్ఫు మూలుగుతుంది, అసలు స్టార్టు కావడమే కష్టమవుతుంది. యాక్సిలరేటరు మీద కాలు వేస్తే నిలబడుతోందన్న మాట అన్నిటికంటే విలువైనది. కాలు వేసినప్పుడు మీరు లోపలికి గాలిని ఎక్కువగా వదులుతున్నారు, దానికి తగ్గ పెట్రోలు కూడా పడుతోంది. అంటే ఐడ్లింగులో, యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, వెళ్ళవలసిన గాలి వెళ్ళడం లేదన్నది నా మొదటి అనుమానం.

ఆ గాలి దారి థ్రాటిల్ బాడీలో ఉంటుంది. యాక్సిలరేటరుతో పాటు తెరుచుకుని గాలిని లోపలికి వదిలే పళ్ళెం అందులోనే ఉంటుంది. ఇంజిన్ నుంచి వెనక్కి వచ్చే ఆయిలు ఆవిరి, ఫిల్టరు దాటిన సన్నని దుమ్ము కలిసి ఏళ్ళ తరబడి ఆ పళ్ళెం అంచుల చుట్టూ నల్లని మసిగా పేరుకుంటాయి. ఎనభై వేల కిలోమీటర్లు తిరిగి ఒక్కసారీ శుభ్రం చేయించని కారులో అది లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. గాలి గొట్టం విప్పి చూస్తే కంటికే కనిపిస్తుంది. శుభ్రం చేయడానికి థ్రాటిల్ బాడీ క్లీనర్ అనే స్ప్రే దొరుకుతుంది. దాన్ని మెత్తని గుడ్డకు పట్టించి తుడవాలి. మీ కారులో ఆ పళ్ళేన్ని నడిపేది కేబులు కాక మోటారయితే, తాళం ఆన్‌లో ఉండగా వేలితో దాన్ని నెట్టకూడదు. లోపలి పళ్ళ చక్రాలు పాడవుతాయి. ఐడ్లింగు గాలిని వదిలే ఐడిల్ వాల్వు విడిగా ఉన్న కారయితే దాన్ని కూడా విప్పి తుడవాలి. పని అయ్యాక ఐడ్లింగు లెక్కను కంప్యూటరుకు స్కానరు (కారు కంప్యూటరులోని అంకెలు చదివే పరికరం) ద్వారా మళ్ళీ నేర్పించవలసి రావచ్చు. ఈ చివరి మెట్టు వదిలేసి, శుభ్రం చేశాక ఇంకా చెడిందని బాధపడేవారిని చాలామందిని చూశాను.

అది చేశాక కూడా ఆగిపోతుంటే కూలెంట్ సెన్సార్ వంతు. ఇంజిన్ చల్లగా ఉన్నా వేడిగా ఉందని అది కబురు పంపితే కంప్యూటరు పెట్రోలు తగ్గించేస్తుంది, ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. లైటు వెలగడం లేదు కదా అని మీరు అడగవచ్చు. తీగ తెగినా, కొలత అసాధ్యమైన అంకె చూపినా లైటు వెలుగుతుంది. సాధ్యమైన అంకెనే తప్పుగా చెబితే కంప్యూటరు నమ్మేస్తుంది. దీన్ని పట్టుకునే పరీక్ష చాలా సులువు. రాత్రంతా కదలకుండా ఉన్న కారుకు ఉదయం స్టార్టు చేయకముందే స్కానరు తగిలించి, కూలెంట్ వేడి, లోపలికి వెళ్ళే గాలి వేడి పక్కపక్కన చూడాలి. రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాతో ఉండాలి. గాలి 17 అని, కూలెంట్ 45 అని చూపితే దొంగ దొరికినట్టే. స్కానరు లేని మెకానిక్కు మల్టీమీటరు చాలు: ఎక్కువ కార్లలో ఆ సెన్సార్ నిరోధం 20 డిగ్రీల దగ్గర 2,500 ఓముల దరిదాపుల్లో ఉండి, 80 డిగ్రీలకు 300 ఓముల వరకు పడిపోతుంది. అన్నట్టు, సెన్సార్ కొనేముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. అది తగ్గి సెన్సార్ గాలిలో వేలాడినా కొలత తప్పుతుంది.

పంపు మాటను పైసా ఖర్చు లేకుండా మీరే తేల్చుకోవచ్చు. రేపు ఉదయం తాళాన్ని ఆన్ వరకే తిప్పండి. వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నని రొద వినిపించి ఆగుతుంది. తాళం వెనక్కి తిప్పి, మళ్ళీ ఆన్ చేయండి. ఇలా మూడుసార్లు చేశాక స్టార్టు చేయండి. ఆ రోజు ఆగకుండా నిలబడితే, రాత్రి పూట పెట్రోలు లైనులో ఒత్తిడి దిగిపోతోందని, పంపు వాల్వునో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లనో అనుమానించాలని అర్థం. ఎప్పటిలాగే ఆగిపోతే పంపు జోలికి వెళ్ళనక్కరలేదు. ఒక్క రోజు ఫలితాన్ని నమ్మకుండా, రెండు మూడు ఉదయాలు చూసి రాసిపెట్టుకోండి.

ఇంకో రెండు కారణాలున్నాయి. గట్టిపడిన రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు చలికి ముడుచుకుని గాలి పీలుస్తాయి, వేడెక్కాక మళ్ళీ బిగుసుకుంటాయి. బానెట్ ఎత్తి వింటే బుస వినిపిస్తుంది. మంచు దట్టంగా పడిన రోజే ఎక్కువగా ఆగిపోతుంటే ప్లగ్గులకు కరెంటు అందించే కాయిల్ రబ్బర్లలో చీలిక చూడాలి.

చివరగా ఒక మాట గట్టిగా చెబుతున్నాను: కారును పదకొండు గంటలకు షెడ్డుకు తీసుకెళ్ళకండి. గజపతినగరం వెళ్ళివచ్చిన వేడి ఇంజిన్‌లో ఈ జబ్బు ఉండదు. ఆ సమయంలో చూసిన మెకానిక్ ఊహించడం తప్ప చేయగలిగింది లేదు. ముందురోజు సాయంత్రమే కారు అప్పగించి, మర్నాడు మొదటి స్టార్టు మెకానిక్ చేతనే చేయించండి.

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా కారు 2016 నాటిది. వారానికి ఒకసారే తీస్తాను. పొద్దున్నే ఒకటి రెండుసార్లు ఆగిపోతోంది. ఇథనాల్ కలిసిన పెట్రోలే దీనికి కారణమంటున్నారు, నిజమేనా? వేడెక్కడానికి ఇంటి దగ్గర కారు పెట్టే షెడ్డులోనే పది నిమిషాలు ఇంజిన్ నడపడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కొంత నిజం ఉందమ్మా. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలుకంటే రెట్టింపుకు పైగా వేడి కావాలి, పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అయితే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ మన జిల్లా చలిలో ఇరవై శాతం ఇథనాల్ వల్ల మాత్రమే ఆగిపోవడం సాధారణంగా జరగదు. మసి పట్టిన థ్రాటిలో, గాలి పీల్చే గొట్టమో ఉంటే దానికి ఇది తోడవుతుంది. పై జవాబులోని పరీక్షలే మీకూ వర్తిస్తాయి. అంతకుముందు ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకుని, అమ్మకం బాగా ఉండే బంకులో కొత్త పెట్రోలు పోయించి ఒక వారం గమనించండి. వారానికి రెండుసార్లయినా అరగంట నడపండి.

షెడ్డులో నడపడం మాత్రం ఈరోజే మానేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. ఇంజిన్‌కు అన్ని నిమిషాలు అవసరం కూడా లేదు. కారును బయటకు తీసి, అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా నడిపితే నిలబెట్టి ఉంచినప్పటి కంటే త్వరగా వేడెక్కుతుంది.