బుజ్జమ్మా, ముందు బ్రేకు సంగతి చూసుకో

బుజ్జమ్మా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "అన్నయ్యా, ఇది మనాలీ నుంచి లేహ్‌కి సైకిల్ మీద పోతుందట, డబ్బులు కూడా కట్టేసిందట, నువ్వైనా గడ్డి పెట్టు" అని. సరే పెడతానన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం వద్దని చెప్పడానికి నోరు రాలేదు. అమలాపురంలో నా షాపు ముందు సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అద్దె సైకిల్ తొక్కిన పిల్లవి నువ్వు. ఆ పిల్ల 5,328 మీటర్ల ఎత్తున్న తంగ్లాంగ్ లా కనుమ ఎక్కబోతోందంటే ఆ రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు. భయమో సంబరమో నాకే తెలియలేదు. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని తేల్చేస్తావు. అందుకే రాస్తున్నాను, నింపాదిగా చదువు.

హెల్మెట్, గ్లవ్స్, చలిబట్టలు, రెయిన్‌కోటు ఈ యాత్ర నడిపేవాళ్ళిచ్చిన లిస్టులో ఉంటాయి, కొనుక్కో. కొత్త బూట్లు అక్కడే మొదటిసారి వేసుకోకు. సీటు ఎత్తు నీ కాలికి సరిపెట్టించుకో.

ప్రాక్టీసుకి హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి పో. ఇంటికి వచ్చినప్పుడు మాత్రం మధ్యాహ్నం మూడింటికి ఏటిగట్టు మీద సముద్రం వైపు తొక్కు. ఆ ఎదురుగాలి నీకు కొండ లేని లోటు తీరుస్తుంది. గంటసేపు తొక్కితే తొడలు పట్టేస్తాయి. లేహ్ దారిలో కూడా మధ్యాహ్నం దాటితే ఎదురుగాలి కొడుతుందట, అలవాటుంటే మంచిది.

ఎక్కడం గురించి నాకు బెంగ లేదు. ఊపిరి ఆడకపోతే దిగి నడుస్తావు, మరీ కాకపోతే వెనకాల వ్యాన్ ఉంటుంది. నా భయమల్లా దిగడం గురించే. మన కోనసీమలో పుట్టినవాళ్ళకి దిగడం ఎక్కడొస్తుంది? మనకి పల్లమంటే గట్టు దిగడమో, ఎదుర్లంక వారధి దిగడమో. రెండు నిమిషాల్లో అయిపోతుంది. గంటసేపు బ్రేకు మీద చెయ్యి పెట్టి దిగే రోడ్డు మన చేతులు ఎరగవు.

నేనూ ఎరగను అప్పటికి. నాకు ఇరవై మూడేళ్ళు. శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణం చూద్దామని మా వీధి కుర్రాళ్ళం పన్నెండు మందిమి సైకిళ్ళ మీద బయల్దేరాం. రావులపాలెం, రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డులో చింతూరు దిగాలి. బయల్దేరే ముందు రాత్రి పన్నెండు బళ్ళూ నేనే ఓవరాయిలింగ్ చేశాను. అందరికీ కొత్త బ్రేకు రబ్బర్లు వేస్తూ వేస్తూ వచ్చేసరికి పదకొండు బళ్ళకే సరిపోయాయి. మిగిలింది నా బండి. ఊళ్ళో ఏడాదిగా నడుస్తోందిగా, పాతవే ఉండనీ అనుకున్నాను.

మారేడుమిల్లిలో పొద్దున్న బండి తీస్తే వెనక బ్రేకు పట్టీ హ్యాండిల్‌ని తాకేదాకా వచ్చేసింది. మమ్మల్ని నడిపిస్తున్న పెద్దాయన ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగాడు, "ఎవరి బండికైనా ఏవైనా ఉందా? ఇప్పుడే చెప్పండి, కింద ఏమీ దొరకదు" అని. మెకానిక్‌ని నేను. నా బండికే బ్రేకు లేదని పదకొండు మంది ముందు ఎలా చెప్పను? చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను.

మొదటి మలుపులు బాగానే దిగాను. తర్వాత కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఇంకాస్త దిగాక రబ్బరంతా అరిగిపోయి, దాని ఇనుప గూడు రిమ్ముకి రాసుకుంటూ కీచుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ముందు బ్రేకు ఒక్కటే మిగిలింది. మలుపులో గులకరాళ్ళ మీద అది గట్టిగా నొక్కేసరికి చక్రం జారి, నా ముందు పోతున్న స్నేహితుణ్ణి గుద్దేశాను. నన్ను వెదురుపొద ఆపింది. వాణ్ణి ఏదీ ఆపలేదు. రాళ్ళ మీద పడ్డాడు. వెదురు లోడుతో రాజమండ్రి పోతున్న లారీలో వాణ్ణి పడుకోబెట్టి వెనక్కి తీసుకొచ్చాం. భుజం దగ్గర ఎముక రెండు ముక్కలైంది.

వాడు ఎవరో నీకు తెలుసు. నీ చిన్నప్పుడు ఒక భుజం కిందకి జారి ఉండే కొబ్బరిబొండాల బాబాయి. చెట్టు మీంచి పడ్డాడని మీ పిల్లలందరికీ చెప్పాం. అది అబద్ధం తల్లీ. వాడు మా ఊళ్ళో అందరికంటే వేగంగా చెట్టెక్కి దింపు తీసేవాడు. నా మూలంగా మళ్ళీ చెట్టెక్కలేకపోయాడు, బొండాలు కొట్టి అమ్ముకుంటూ బతికాడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారే అన్నాడు: "ముందే ఒక్క మాట చెప్పుంటే నా బండి మీద ఎక్కించుకునేవాణ్ణి కదరా."

కాబట్టి బండి నీ చేతికి ఇచ్చిన రోజునే చూసుకో. బ్రేకు పట్టీ సగం దూరంలోనే గట్టిగా తగలాలి. మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తే ఆ బండి తీసుకోకు. ప్యాడ్లు ఎంత మందం ఉన్నాయో తీసి చూపించమను. మన బళ్ళకి ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది, కొన్ని దేశాల బళ్ళకి ఎడమచేతికి ఉంటుంది, ఏది ఏదో ముందే నొక్కి చూసుకో. దిగేటప్పుడు బ్రేకు అలా పట్టుకునే ఉండకు, ప్యాడ్లు పట్టుకునే ఆ ఇనుప డిస్కు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. మలుపుకి ముందే రెండూ కలిపి నొక్కి వేగం తగ్గించు, వదిలెయ్, మలుపు తిరుగు. ఒళ్ళు కాస్త వెనక్కి పెట్టు, రెండు పెడళ్ళూ సమానంగా ఉంచు. ఆగిన వెంటనే డిస్కు మీద చెయ్యి వెయ్యకు, చర్మం ఊడొస్తుంది.

ఇక తలనొప్పి సంగతి. మన అమలాపురంలో పీల్చే గాలితో పోలిస్తే తంగ్లాంగ్ లా మీద ప్రాణవాయువు ఇంచుమించు సగమే అందుతుంది. ఎంత గట్టిపిండానికైనా ఆ ఎత్తులో తలనొప్పి రావచ్చు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదంటారు డాక్టర్లు. మీ దారిలో జిస్పా 3,200 మీటర్లు, తర్వాత సర్చూ దాదాపు 4,300. అది పెద్ద ఎగురు. జిస్పాలో ఒకరోజు ఆగుతున్నారా అని ఇప్పుడే అడుగు. సర్చూ రెండు కనుమల మధ్య ఉంది, అక్కడ ఒంట్లో బాగోకపోతే కిందకి దిగడానికి కూడా ముందు కొండెక్కాలి. తలనొప్పి, వాంతి, అన్నం సయించకపోవడం ఏది మొదలైనా జిస్పాలోనే గైడుకి చెప్పు. అడుగులు తూలినా, కూర్చున్నా ఆయాసమొచ్చినా, మాట తడబడినా ఇంక ఆలోచించకుండా దింపేయమని చెప్పు. ఎత్తు పడకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలో వద్దో మన డాక్టరుగారిని అడుగు, సల్ఫా మందులు పడవేమో కూడా చెప్పు. నిద్ర మాత్ర మాత్రం ముట్టుకోకు.

నువ్వు మీ అమ్మ కూతురివి. జ్వరమొచ్చినా పరీక్షకి పోయే రకం. ఎవరైనా "ఎలా ఉంది?" అంటే "ఫైన్" అనేస్తావు. అదే నా టెన్షన్. నలుగురూ నీకోసం ఆగాల్సి వస్తుందని సిగ్గుపడి నోరు మూసుకుంటే నేను నీతో మాట్లాడను, ఇది ఒట్టు.

దారిలో మంచు కరిగిన వాగులు రోడ్డు మీంచి పారతాయి. ఎండ ముదిరే కొద్దీ నీళ్ళు పెరుగుతాయి, పొద్దున్నే దాటేయండి. వరదలో కాజ్‌వే మీద నీళ్ళ లోతు కంటితో తెలియదని నీకు చెప్పక్కర్లేదు. ఆకలి లేకపోయినా తింటూనే ఉండు. ఆత్రేయపురం మామిడితాండ్ర తెప్పించి పెట్టాను. చలికి గట్టిపడుతుందేమో, చిన్న ముక్కలుగా కోసి జేబులో వేసుకో.

మీ వాళ్ళిచ్చే బండి బ్రేకు మోడల్ నంబర్ కనుక్కుని పంపు. రెండు జతల ప్యాడ్లు తెప్పిస్తాను, నా డబ్బులతోనే. వచ్చే శనివారం రాత్రి బస్సెక్కి రా. ఆదివారం తెల్లవారుజామున ఎదుర్లంక వారధి మీద నీ చేత పదిసార్లు దిగిస్తాను. బాబాయికి ఈ ఉత్తరం చదివి వినిపించాను. తనూ వస్తానన్నాడు, బొండాలు పట్టుకుని అవతలి ఒడ్డున కూర్చుంటాడట.

మీ మావయ్య